అరవై నాలుగో పేజీ తర్వాత

నలభై ఆరేళ్ళు పుస్తకాలు బైండు చేశాను. నా చేతిమీదుగా ఎన్ని వెళ్ళాయో చెప్పలేను గానీ, వాటిలో ఒక్క పేజీ కూడా ఉండాల్సిన చోట కాక వేరే చోట పడలేదని మాత్రం గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పగలను. కావాలంటే ఊళ్ళో ఏ లాయరునైనా, ఏ లైబ్రరీ గుమాస్తానైనా అడిగి చూడండి.

మా జిగురు సంగతి కూడా చెప్పాలి. ఒకసారి ఒక లాయరు గారు తన లా పుస్తకం తడి ఆరకముందే పట్టుకుపోతానని పట్టుబట్టారు. వద్దండీ అన్నా వినకుండా లాగారు. పుస్తకం వెంట బల్ల కూడా వెళ్ళింది. ఆయన ఈరోజుకీ ఆ బల్లమీదే భోంచేస్తారు, ఎడమచేతి పక్కన ఆ పుస్తకం అలాగే ఉంటుంది. అంత జిగురుండీ నన్ను ఎవరూ అంటిపెట్టుకోలేదు, పెళ్ళి కాలేదు, అది వేరే కథ. వీధిలో అందరూ నన్ను జిగురు తాత అంటారు. మా అక్క ఒక్కతే ‘తాత’ తీసేసి పిలుస్తుంది.

అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్ద. అమ్మ పోయేనాటికి నాకు రెండు, తనకి ఆరు. నన్ను చంకనెత్తుకుంటే ఇద్దరం కలిసి పడేవాళ్ళమట. పెళ్ళయిన కొన్నేళ్ళకి బావ పోయాడు. అక్క కూతురి చెయ్యి పట్టుకుని మూడంతస్తుల ఈ ఇంటికి వచ్చేసింది. కింద నా షాపు, పైన మేము. వచ్చిన మర్నాడే ముంజేతులదాకా చేతులు కడుక్కుని, మడతలు నొక్కే ఎముక బద్ద అందుకుని, “ఏదిరా కాగితం?” అంది.

ప్రెస్సు నుంచి పుస్తకం మా దగ్గరికి పుస్తకంలా రాదు. దుప్పటంత కాగితాలుగా వస్తుంది. ఒక్కో కాగితం మీద పదహారు పేజీలు, ఇటు ఎనిమిది, అటు ఎనిమిది. దాన్ని మేం ఫారం అంటాం. మడత పెడితే గానీ పేజీలు వరసకి రావు. విప్పి ఉన్నప్పుడు ఒకటో పేజీ పక్కన పదహారో పేజీ కూర్చుని ఉంటుంది, నాలుగోదాని పక్కన పదమూడోది. నేను పుస్తకాల వీపులు తప్ప ఏమీ చదవలేదు. అక్క మాత్రం మడుస్తూ మడుస్తూ కంటికి ఎదురైనదల్లా చదివేది. ఆవిడ చదివిన నవలల్లో పెళ్ళికొడుకు పెళ్ళిచూపులకి వెళ్ళకముందే మనవల్ని ఎత్తుకునేవాడు. హంతకుడెవరో తేలాక గానీ హత్య జరిగేది కాదు.

ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట ఒక యాత్రా పుస్తకం వచ్చింది, వెయ్యి కాపీలు. ఎక్కడో దూరాన ఒక కొండల దేశం. రాజులు, బురుజులు, రాతి వంతెనలు, కొండ కడుపులో తొలిచిన గదులు. ఎవరో ఒకాయన కాలినడకన తిరిగి రాశాడు. అక్క ఆ ఫారాలు మడుస్తున్నన్నాళ్ళూ షాపులో అదే గోల. “ఒరేయ్ జిగురూ, అక్కడ వీధులన్నీ మెట్లేనటరా. ఒకళ్ళ ఇంటి కప్పు ఇంకొకళ్ళ వాకిలి అట.” నాలుగో ఫారం మడవడం పూర్తయింది. ఐదో ఫారం కట్ట దించడానికి నిచ్చెన ఎక్కింది. కట్ట రాలేదు గానీ అక్క వచ్చేసింది. తుంటి దగ్గర కాలు విరిగింది. మూడు నెలలు మంచం.

ఆస్పత్రిలో కట్టు కట్టాక నేను వెళ్ళి, “నొప్పిగా ఉందా అక్కా?” అన్నాను.

“నొప్పి సంగతి తర్వాత. అరవై నాలుగో పేజీ ‘ఆ మలుపు తిరగ్గానే ఎదురుగా’ అని ఆగిపోయింది. ఎదురుగా ఏముందిరా?”

నాకేం తెలుసు? “శుక్రవారానికి పుస్తకం కుట్టి తెచ్చిస్తాను, వరసగా చదువుకో” అన్నాను.

ఇక్కడే ఇందాకటి గొప్ప కాస్త వెనక్కి తీసుకోవాలి. ఒక్క పేజీ కూడా తప్పు చోట పడలేదన్నాను. పడింది. ఒకటి కాదు, పదహారు. అదీ పొరపాటున కాదు, నేనే కూర్చుని, కళ్ళద్దాలు తుడుచుకుని మరీ పెట్టాను.

ఏమైందంటే, వెయ్యి కాపీలకి పోగా ప్రతి ఫారంలోనూ నాలుగైదు మిగులుతాయి. ఆ మిగిలినవాటితో అక్కకి ఒక పుస్తకం కుట్టేద్దామనుకున్నాను. అక్క కాలు విరిగిన కంగారులో నా కాలు జిగురు బకెట్‌కి తగిలింది. ఐదో ఫారం మిగులంతా ముద్దయిపోయింది. ఇదే జిగురు, లాయరు గారి బల్లని మోసిన జిగురు, విడదీయడం నా వల్లనే కాలేదు. మిగతా ఫారాలు నేనే రాత్రింబవళ్ళు మడిచి కుట్టిన వెయ్యి కాపీలూ ఆ పొద్దునే లారీ ఎక్కిపోయాయి. శుక్రవారం రానే వచ్చింది.

అప్పుడు షాపు బల్లమీద వేరే కథల పుస్తకం ఫారాలు ఉన్నాయి. అదే ప్రెస్సు, అదే కాగితం, అవే అచ్చు అక్షరాలు. దాని ఐదో ఫారం తీసి చూశాను. అరవై ఐదో పేజీ ఎలా మొదలైందో తెలుసా? “గంట పట్టుకుని ఒక ముసలావిడ నిలబడి ఉంది.” మలుపు తిరగ్గానే ఎదురుగా గంట పట్టుకుని ఒక ముసలావిడ నిలబడి ఉంది. రాసినవాళ్ళిద్దరూ ముందే మాట్లాడుకున్నట్టు అతికింది. ఆ ముసలావిడది ఒక పాడుపడ్డ కోట. మూడువందల పన్నెండు మెట్లు. కొండమీద మంచు కమ్మి దారి కనబడనప్పుడు ఆవిడ గంట కొడుతుంది, దారి తప్పినవాళ్ళు ఆ చప్పుడు పట్టుకుని వచ్చేస్తారు. ఎనభయ్యో పేజీకి మంచు విడిపోతుంది. ఎనభై ఒకటిలో మన యాత్రికుడు బుద్ధిమంతుడిలా నడక మొదలుపెడతాడు.

ఫారం మొదటి పేజీ అడుగున సన్నటి అక్షరాల్లో పుస్తకం పేరు వేస్తారు, మాలాంటివాళ్ళు తప్పు చెయ్యకుండా. ఆ పేరు బ్లేడుతో గీకేశాను. ఎర్ర గుడ్డ అట్ట వేసి అక్క చేతిలో పెట్టాను. రెండు రోజుల్లో చదివేసి, “ఒరేయ్, గంట పట్టుకుని ముసలావిడరా” అంది. ఆ మొహం చూశాక చెబుదామనుకున్న మాట గొంతులోనే ఉండిపోయింది. అలా ముప్ఫై ఒక్క ఏళ్ళు ఉంది.

ఈ మధ్య అక్క చూపు నడిమధ్య ఒక మచ్చ పడింది. మొహం చూస్తే చెవులు కనబడతాయట, ముక్కు కనబడదట. “నీ మొహానికి అదే మేలురా” అంది నాతో. కంటి డాక్టరమ్మ పరీక్ష చేసి, మందులతో నెమ్మదిస్తుంది గానీ పోయిన చూపు రాదనీ, చూడాలనుకున్నవేమైనా ఉంటే ఈ ఏడాదే చూసేయమనీ చెప్పింది. తిరిగొచ్చేటప్పుడు బస్సు దిగేముందు అక్క, “కొండలు” అంది.

అక్క కూతురి కూతురు మాతోనే ఉంటుంది. ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం. సన్నగా ఉంటుంది, ఆగకుండా మాట్లాడుతుంది, అందుకని పిచిక అంటాం. ఆ ఆదివారమే భోజనాల బల్లమీద నోటుబుక్కు, మ్యాపు, ఫోను పరుచుకుని కూర్చుంది. పదిహేను రోజుల సెలవు సంపాదించిందట.

“చెప్పు అమ్మమ్మా. ఎక్కడెక్కడికి?”

అక్కకి పుస్తకం అక్కర్లేదు. ఒళ్ళో పెట్టుకుని అట్టమీద చెయ్యి వేసింది, అంతే. “మొదటి రోజు ఏటి ఒడ్డు పాత పట్నం. పదకొండో పేజీ. వీధులన్నీ మెట్లు.”

“ఇప్పుడక్కడ తీగ మీద నడిచే బండి ఉందట. ఎక్కి కూర్చుంటే పైకి తీసుకుపోతుంది.”

“ఉంటే తాతయ్యని ఎక్కించు, నేను మెట్లెక్కుతాను. రెండో రోజు కొండలో తొలిచిన రాజుగారి గది. ముప్ఫై ఎనిమిది. మూడో రోజు ఒంటి కమాను వంతెన. మధ్యలో నిలబడి పిలిస్తే మన గొంతు మనకి మూడుసార్లు వినబడుతుంది.”

“తాతయ్య గొంతు కూడా మూడుసార్లా? నేను ఒడ్డునే ఉంటాను బాబూ.”

“నాలుగో రోజు, అరవై మూడో పేజీ ఊరు. అక్కణ్ణించి నడక. మలుపు. గంట కోట.” అక్క గొంతు తగ్గించింది. “మిగతావి కుదిరితే చూద్దాం, కుదరకపోతే మానేద్దాం. అది మాత్రం తప్పదు.”

నేను నీళ్ళు తాగడానికి లేచి వంటగదిలోకి వెళ్ళాను. రెండు గ్లాసులు తాగినా దాహం తీరలేదు.

పిచిక ఫోనులో వెతికింది. పట్నం ఉంది, రాజుగారి గది ఉంది, వంతెన ఉంది, అరవై మూడో పేజీ ఊరు కూడా ఉంది. గంట కోట లేదు. టిక్కెట్లు చూసే ఆఫీసాయనకి చెబితే ఆయన ఆ దేశంలో దారి చూపించే మనిషికి రాశాడు. నాలుగు రోజులకి జవాబు వచ్చింది: ‘మా తాతల నాటినుంచీ ఇక్కడే ఉన్నాం, అలాంటి కోటా లేదు, గంటా లేదు.’

“వాళ్ళ తాతలకి తెలీకపోతే మనమేం చేస్తాం” అంది అక్క. “పుస్తకంలో ఉంది. పిచికా, నువ్వు టిక్కెట్లు తియ్యి. నేను వెతుక్కుంటాను.”

“నీకు ఎదురుగా ఉన్న తలుపే కనబడట్లేదు అమ్మమ్మా, లేని కోట ఎలా వెతుకుతావు?”

“కళ్ళతో ఎందుకు వెతుకుతాను? చప్పుడు వింటాను.”

పిచిక నావైపు చూసింది. మనుషుల లోపల చూసే ఉద్యోగం కదా, నేను తల తిప్పుకున్నాను.

అక్క లేచి చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంది. మా ఇంటికి కింది నుంచి పైదాకా యాభై రెండు మెట్లు. ఆరుసార్లు ఎక్కితే మూడువందల పన్నెండు. ప్రయాణం నాటికి కాళ్ళు సిద్ధం కావాలంది. విరిగిన కాలు ముందు, మంచి కాలు వెనక, గోడమీద అరచెయ్యి రాసుకుంటూ ఆరుసార్లు ఎక్కి దిగింది. ఆఖరిసారి దిగి షాపులో స్టూలుమీద కూలబడి రొప్పుతూ, “ఫరవాలేదు, ఎక్కగలను” అంది.

ఆ సాయంత్రమే చెప్పేశాను.

పిచిక ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. అక్క తువ్వాలుతో మొహం తుడుచుకుంటోంది. “అక్కా, ఆ మెట్లు ఎక్కక్కర్లేదు” అన్నాను.

“ఏం, నన్ను ఎత్తుకుంటావా? బాకీ ఉన్నావులే.”

“ఆ కోట లేదు. ఎక్కడా లేదు. అది వేరే పుస్తకం.” బకెట్టు, లారీ, శుక్రవారం అన్నీ చెప్పాను. బ్లేడు సంగతి కూడా చెప్పాను. నేను ఏ కథైనా అరగంట తక్కువ చెప్పను, ఇది మాత్రం నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

అక్క ఎర్ర పుస్తకం తెరిచింది. కళ్ళు పైకెత్తుకుని, బొటనవేలితో ఒక్కో ఫారం లెక్కపెట్టుకుంటూ ఐదోదాని దగ్గర ఆగింది. అడుగున, నేను గీకిన చోట, వేలితో రుద్దింది.

“ఇక్కడ కాగితం పల్చగా ఉందేమిటా అనుకునేదాన్ని. కాగితం మంచిది కాదనుకున్నాను. నువ్వు మంచివాడివి కాదనుకోలేదు.”

నేను బల్లమీదున్న బ్లేడు తీసి సొరుగులో పడేశాను.

“చూపు మసకేసినప్పుడల్లా ఆవిడే గుర్తొచ్చేదిరా. ఫరవాలేదు, మంచు పడితే గంట కొట్టేవాళ్ళు ఒకళ్ళుంటారు, అనుకునేదాన్ని. ఒక్కసారి ఆ చోట నిలబడి ఎలా ఉంటుందో చూసొస్తే, తర్వాత ఏమీ కనబడకపోయినా గడిచిపోతుందనుకున్నాను.” పుస్తకం మూసింది. “పిచికకి చెప్పు, టిక్కెట్లు తియ్యొద్దని.”

మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఈసారి యాభై రెండే.

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడం అంటే మామూలుగా కాదు. నా పళ్ళెం నా ముందు పెట్టేది, కూర నాకు అందనంత దూరంలో పెట్టేది. పిచిక వచ్చి నా కుర్చీ పక్కన నిలబడి, “నీ గుండె ఎక్స్‌రే తీస్తే జిగురు కనబడుతుందా తాతయ్యా, బండరాయి కనబడుతుందా?” అని అడిగి పోయింది.

మూడో రోజు పొద్దున్న షాపు తెరిచి కూర్చున్నాను. మా బల్లమీద ఒక ఇత్తడి గంట ఉంటుంది, నేను కునుకు తీస్తుంటే వచ్చినవాళ్ళు కొట్టి లేపడానికి. అది ఠంగున మోగింది. తలెత్తితే అక్క.

“ఒరేయ్ జిగురూ. అయితే, ఎదురుగా ఏముంది?”

“దేనికి ఎదురుగా?”

“మలుపు తిరగ్గానే. ముసలావిడ లేదు సరే. ఆ రాసినాయన ఏదో చూశాడు కదా. అసలు పేజీలు పదహారు ఉన్నాయి కదా. వాటిలో ఏముంది?”

“నాకేం తెలుసక్కా? నేను చదవలేదు.”

“నేనూ చదవలేదు.” స్టూలు లాక్కుని కూర్చుంది. మొహంలో ఏదో కదిలింది. ఆస్పత్రి మంచంమీద కాలికి కట్టుతో అడిగిందే, ఆ మొహం. “మిగతా దేశమంతా వందసార్లు చదివాను. ఇప్పుడు వెళ్ళి కళ్ళు చికిలించుకుని చూసినా నా తలలో ఉన్నదే కనబడుతుంది. ఆ పదహారు పేజీలే నాకు తెలీదు.”

డ్యూటీకి బయలుదేరుతున్న పిచిక గుమ్మంలోనే ఆగింది. “ఆ ఊరు మ్యాపులో ఉంది కదా అమ్మమ్మా. మలుపు అవతల ఏముందో ఒక్క నిమిషంలో చెప్తాను.” ఫోను తీసింది.

అక్క చెయ్యి గాలిలో తడుముకుంటూ వెళ్ళి ఫోనుమీద పడింది. “తీశావంటే వేళ్ళు విరుస్తాను. ఎక్స్‌రే నువ్వే తీసుకుందువు గాని.”

“పోనీ పాత పుస్తకాల వాళ్ళని అడిగితే ఇంకో కాపీ...”

“అదీ వద్దు. ఎవరూ చదవకూడదు, ఎవరూ చెప్పకూడదు. అరవై మూడో పేజీ ఊళ్ళో దిగుదాం. అరవై నాలుగు దాకా నడుద్దాం. అక్కణ్ణించి నేను చూసుకుంటాను.”

“అవతల ఏమీ లేకపోతే?” అన్నాను.

“ఏమీ లేకపోతే రాయుంటుంది కదా. డెబ్భై ఏళ్ళుగా నీ మొహం చూస్తున్నాను, ఒక రాయి చూడలేనా?”

పిచిక నవ్వు ఆపుకుంటూ నోటుబుక్కు తెరిచింది. పాత పట్నం ఒక్క రోజు, రాజుగారి గది కొట్టివేత, వంతెన దారిలో ఉంది కాబట్టి ఉండనిచ్చారు. ఆ ఊళ్ళో మూడు రోజులు. మంచు పడితే ఎలాగని పిచిక అడిగింది.

“దానికి వీడున్నాడుగా” అంది అక్క. బల్లమీద ఇత్తడి గంట తీసి నా ఒళ్ళో పెట్టింది. “నువ్వు ముందు నడు. మలుపు దగ్గర ఆగి కొట్టు. నేను ఆ చప్పుడు పట్టుకుని వస్తాను. లేని ముసలిదాన్ని పుట్టించావు కదా, ఆవిడ పని నువ్వు చెయ్యి.”

“ఇంతేనా శిక్ష?”

“ఇంకోటుంది. నేను వచ్చేదాకా అటు తిరక్కూడదు. నాకంటే ముందు తొంగి చూశావో, నిన్నక్కడే వదిలేసి వస్తాను. ఆ దారి చూపించే మనిషికి కొత్త కోట దొరికినట్టు ఉంటుంది.”

ఎనిమిది రోజుల్లో ప్రయాణం. షాపుకి తాళం వేసి చీటీ అంటించాను, మా జిగురుతోనే, అది ఇక ఊడదు. రోజూ పొద్దున్న నేను గంట పట్టుకుని ఒక అంతస్తు ముందు ఎక్కి, గోడవైపు తిరిగి నిలబడి కొడతాను. కింద నుంచి అక్క అడుగులు వినబడతాయి, ఒకటి బరువుగా, ఒకటి తేలిగ్గా. దగ్గరికొచ్చాక నా వీపుమీద అరచెయ్యి ఆనించి, “ఆఁ, పద” అంటుంది. మధ్య అంతస్తులో అద్దెకున్నవాళ్ళకి నిద్ర పాడవుతోందని ఫిర్యాదు. వాళ్ళకీ చెప్పాను, మంచు పడుతోందండీ, ఏం చేస్తాం అని.

ఇదంతా రాసిన ఈ కాగితాలు ఇవాళ అక్కకి ఇస్తున్నాను. పిచిక చదివి వినిపిస్తుంది, అక్క మడత పెడుతుంది, నేను కుడతాను. దారిలో చదువుకోవడానికి. వరస తప్పకుండా కుడతానని మాట ఇచ్చాను.

కాబట్టి ఒక్కటి సరిచెయ్యాలి. లాయరు గారి బల్ల మీరు నమ్మి ఉండరు, అది నిజం. అరవై నాలుగో పేజీ, గంట ముసలావిడ అంత బాగా అతికారంటే నమ్మి ఉండరు, అదీ నిజమే. నేను కల్పించింది ఒక్కటే. అక్క మొదటిరోజు మెట్లెక్కి దిగిన సాయంత్రమే చెప్పేశానని రాశాను. ఆ సాయంత్రం కాదు. పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ అక్క విరిగిన కాలుతో రోజూ ఆరుసార్లు ఎక్కి దిగింది. నేను కింద కుర్చీలో కూర్చుని చూశాను. మూడువేల నాలుగువందల ముప్ఫై రెండు మెట్లు. లెక్క తప్పదు. ఒక్కో మెట్టూ నాకు వినబడింది.